తెల్ల చాపల క్యాసెట్

పోయినవి

ముందు పోయినవాటి లెక్క చెప్తాను. గద్వాల కేబుల్ కంట్రోల్ రూములో పనిచేసినన్నాళ్ళు నా చేత్తో రికార్డు చేసి, చీటీ అంటించి, నంబరు వేసిన క్యాసెట్లు మూడు వందల పన్నెండు. రెండు వేల తొమ్మిదిలో తుంగభద్ర రాజోలి మీదికి వచ్చినప్పుడు మా బావమరిది ఇంట్లో దాచిన నూట ఎనభై ఏడు నీళ్ళపాలయ్యాయి. బూజు పట్టినవి అరవై ఒకటి. మా యజమాని చెరిపి మళ్ళీ వాడుకున్నవి నలభై. అడిగి తీసుకుపోయి తిరిగి ఇవ్వనివి ఇరవై మూడు. చాపల క్యాసెట్ అనుకుని ఇచ్చింది ఒకటి. కూడి చూడండి, మూడు వందల పన్నెండే వస్తుంది. ఒక్కటీ మిగల్లేదు.

మూడు వందల పదకొండింటి గురించి నాకు దిగులు లేదు. ఇది ఆ ఒక్కదాని గురించి.

ఈ పని ఏమిటంటే

నాకిప్పుడు యాభై ఆరేళ్ళు. ఈ వయసులో రిటైరవడమేమిటని అడుగుతారు. సెట్‌టాప్ బాక్సులు వచ్చి కంట్రోల్ రూముకు తాళం పడింది, నా పనికీ పడింది. పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఇప్పుడు లోకల్ చానళ్ళలో చేరుతున్న పిల్లలు, పాత టేపులను కంప్యూటర్లోకి ఎక్కించే పిల్లలు నన్ను అడుగుతుంటారు, అప్పట్లో ఎలా చేసేవారని. జీతాలు, పర్మిషన్లు, స్తంభాల గొడవలు వాళ్ళకు పనికిరావు. పనికొచ్చేది ఇంత: రికార్డింగ్ మనిషి పని మీట నొక్కడం కాదు. ఏది ఎప్పుడు వస్తుందో ముందే తెలుసుకోవడం, వచ్చిందాన్ని పోకుండా కాపాడడం. మొదటి సగం నాకు బాగా వచ్చు. రెండో సగంలో తప్పాను.

మా యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. చెడ్డవాడు కాడు. నన్ను ఒక్కరోజూ తిట్టలేదు. కానీ క్యాసెట్ దగ్గర మాత్రం పిసినారి. మూడు గంటల క్యాసెట్‌లో స్లో స్పీడు పెట్టి ఆరు గంటలు ఎక్కించమనేవాడు. బొమ్మ అలికినట్టు వచ్చినా సరే. క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, మేము దాన్ని నాలుక అనేవాళ్ళం. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద మళ్ళీ ఏదీ ఎక్కదు. సేటు నియమం ఒకటే: నాలుక విరవొద్దు.

"నాలుక ఇరిస్తే క్యాసెట్ సచ్చినట్టే నర్సింలూ. మళ్ళ వాడరాదు" అనేవాడు.

పదేళ్ళు ఆ మాట విన్నాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా చెప్తాను. నాలుక విరిచిన క్యాసెటే బతుకుతుంది.

టీచరమ్మ అడిగింది

రెండు వేల నాలుగులో ఒక శనివారం వనపర్తి నుంచి మార్తమ్మ టీచర్ వచ్చింది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తుంది. చేతిలో గొడుగు, సంచిలో కాగితాలు. కంట్రోల్ రూము గడప దగ్గరే నిలబడి అడిగింది.

"అన్నా, పోయిన శనారం మద్యాన్నం మూడింటికి ఇంగ్లీషు చానల్ల ఒకటొచ్చింది. లండన్ల ఆడోళ్ళ హత్యల మీద. పది నిమిషాలు సూసిన్నో లేదో కరెంటు పోయింది. అది నాకు గావాలె."

"పేరేంది టీచరమ్మా?"

"తెల్వదు. పేరు నడ్మిట్ల రాదు గద."

కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆ కథ ఆమే చెప్పింది. పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిదిలో, విక్టోరియా రాణి కాలంలో, లండన్లో వైట్ చాపెల్ అనే పేదల పేటలో ఐదుగురు ఆడవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని చంపారు. చంపినవాడు ఈ రోజుకూ దొరకలేదు. పత్రికలు వాడికి జాక్ ద రిప్పర్ అని పేరు పెట్టాయి. ఆ పేరు ఇక్కడ ఒక్కసారే రాస్తున్నాను, మళ్ళీ రాయను. వాడి పేరు ఇప్పటికే చాలామంది చాలాసార్లు రాశారు.

"నీకెందుకమ్మా అది?" అన్నాను. అప్పటికి నాకు తెలియదు.

ఆమె సంచిలోంచి ఒక కాగితం జిరాక్సు తీసింది. వాళ్ళక్క రూతమ్మ వాళ్ళ ఊరి మేస్త్రి కూలీల గుంపుతో దూరపు నగరానికి బిల్డింగు పనికి పోయింది. అక్కడ పని దగ్గరే చంపారు. ఏడేళ్ళయింది. కేసు మూసేశారు. ఆ కాగితం పంచనామా. అందులో రూతమ్మ గురించి ఒకటే వాక్యం ఉంది: గుర్తు తెలియని ఆడ మనిషి, చీర, వయసు సుమారు ముప్పై. కింద ఇంకొకటి: సాయంత్రం ఏడు ఇరవై ఐదుకు వాచ్‌మన్ శవాన్ని చూశాడు.

"ఆ టీవీల ఒకామె సదువుతుంటది అన్నా. సచ్చిపోయిన ఒకామె దగ్గర ఏమేముండెనో. ఒక దువ్వెన, ఒక రుమాలు, పలిగిన అద్దం ముక్క. నూట పదారేండ్ల కింది ముచ్చట. అద్దం ముక్క గూడ రాసిపెట్టిన్రు. పొద్దుగాల యాడుండె, ఎవరితోని మాట్లాడె, ఆఖరికి ఎవరు సూసిన్రు, గంట గంటకు జెప్పిన్రు. మా అక్క దగ్గర ఏముండెనో ఒక్క ముక్క రాయలే. వకీలు సాబ్ అంటడు, గట్ల గంట గంటకు సాక్షులతోని రాపిచ్చుకరా, కేసు తిరిగి తెరిపిస్త అని."

"మరి గుంపులోళ్ళను అడుగరాదా?"

"ఏడేండ్లు అడిగిన. తెల్వదు అంటరు, లేకుంటె ఏడుస్తరు. ఏం అడగాల్నో నాకే తెల్వలే. అది సూపిస్తె వాళ్ళకు సమజైతది. నాకూ సమజైతది."

మీకు ఇక్కడే చెప్తున్నాను. ఎవరైనా ఒక బొమ్మ వెతికిపెట్టమంటే, ఎందుకని అడగండి. అడిగితేనే ఏది వెతకాలో తెలుస్తుంది. నేను అడక్కపోతే, ఆ హంతకుడి మీద తీసిన ఏదో ఒక డాక్యుమెంటరీ ఇచ్చి పంపేవాణ్ణి.

పదకొండు నెలలు

పేరు తెలియని దాన్ని పట్టాలంటే చుట్టూ ఉన్నవన్నీ పట్టాలి. ఆ హత్యల మీద వచ్చిన ప్రతి డాక్యుమెంటరీనీ రికార్డు చేశాను. ఇంగ్లీషు పేపర్ మా ఊరికి మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. వారం ప్రోగ్రాముల పేజీ కత్తిరించి, లండన్, హత్య, విక్టోరియా అనే మాటలున్న ప్రతి వరుస కింద గీత గీసేవాణ్ణి. చానళ్ళకు ముప్పై ఒక్క ఉత్తరాలు రాశాను. జవాబులు రెండు వచ్చాయి. ఒకదానిలో క్యాలెండరు ఉంది.

ఒక చానల్ పంపిన పట్టికలో లండన్ టైము ఉంది. దానికి ఐదున్నర గంటలు కలపాలి. నేను తీసేశాను. పదకొండు గంటల తేడా వచ్చింది. ఖాళీగా కూర్చుని పాముల మీద ప్రోగ్రాము ఒకటి రికార్డు చేశాను. లెక్కలవాణ్ణని పేరున్న నేను! ఆ రోజు నుంచి ప్రతి టైమునూ వేళ్ళ మీద ఇంకోసారి లెక్కేస్తాను.

ఇంకో మోసం పేర్లది. ఒకే డాక్యుమెంటరీని మూడు పేర్లతో మూడుసార్లు వేస్తారు. నా పుస్తకంలో మొదట పదమూడు ఉన్నాయి. మొదటి ఐదు బొమ్మలు, చివరి మనిషి మొహం, నిడివి, ఈ మూడూ పోల్చి చూశాక ఎనిమిదే మిగిలాయి. పేరును నమ్మొద్దు, నిడివిని నమ్మండి. పేరు మారుస్తారు కానీ ఎవరూ కూర్చుని నిమిషాలు మార్చరు.

సేటుకు ఇదంతా నచ్చలేదు.

"ఎవడు సూస్తడయా ఈ సావుల సినిమాలు? గద్వాలల ఎవనికన్న ఇంగ్లీషొస్తదా?"

"వనపర్తిల ఒకామెకొస్తది సేటు."

"ఒక్కామె కోసం ఎన్మిది క్యాసెట్లా?"

"ఎన్మిది కాదు. ఇంకొకటుంది, తొమ్మిది."

నవ్వి వెళ్ళిపోయాడు. తర్వాత ఒకరోజు, అవే ముక్కలు కత్తిరించి మన లోకల్ చానల్లో "భయంకర హత్యలు" అని వేద్దాం, పత్తి విత్తనాల యాడ్లు వస్తాయి అన్నాడు. నేను వేయనన్నాను. పని మానెయ్యమంటే మానేస్తానన్నాను. నా ఉద్యోగంలో నేను ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. అది ఇంకా ముందే మొదలుపెట్టాల్సింది.

తొమ్మిదోది రాయచూరు నుంచి దొరికింది. అక్కడి కేబుల్ ఆపరేటర్ శరణప్ప నాకు స్నేహితుడు, పాత లండన్ గుర్రబ్బండ్లు కనిపిస్తే చెప్పమని అతనికీ చెప్పి ఉంచాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి, వచ్చాయి చూడు అని కన్నడంలో కేకేశాడు.

"నరసింలణ్ణా, నీ గుర్రబ్బండ్లు బంద్వు నోడు!"

"ఏ పేరు మీద?"

"గొత్తిల్ల, తెల్వదప్పా. పాత నగరాలని ఏందో రాసిన్రు. తొందరగ నొక్కు."

నొక్కాను. ఇరవై ఆరు నిమిషాలు. దువ్వెన, రుమాలు, అద్దం ముక్క, అన్నీ ఉన్నాయి. మొదటి బొమ్మ పోయింది, అందుకే పేరు నాకూ తెలియలేదు. మూడుసార్లు వేసి చూసి, డిక్షనరీతో అర్థం చేసుకుని, నిమిషం నిమిషానికీ ఏం చెప్పారో లాంగ్ నోట్‌బుక్కులో రాశాను. అది నా అలవాటు. క్యాసెట్ మీద చీటీ అంటించి, వైట్ చాపెల్ అని రాశాను. నాలుక విరవలేదు.

నా తప్పు

అప్పటికి పీర్ల పండుగ వారం రోజుల్లో ఉంది. మేస్త్రి గుంపులు ఊరికి వచ్చేది అప్పుడే. వారం ఉండి మళ్ళీ పోతారు. ఆ వారంలోనే క్యాసెట్ చూపించాలని నేను వనపర్తి పోయి, టీచరమ్మకు దొరికిందని చెప్పి, వాళ్ళ ఊళ్ళో టీవీ ఎవరిది అడగాలో మాట్లాడి, రెండు రోజులకు వచ్చాను. నేను లేనప్పుడు మా ఆవిడ పద్మ కంట్రోల్ రూములో కూర్చుంది.

రాగానే అల్మారా చూశాను. తొమ్మిదో క్యాసెట్ జాగా ఖాళీ.

"ఈడిది యాడ పోయింది?"

"చాపలదా? సోమశిల నుంచి చాపల సంఘపాయన వచ్చిండు. సేటు చాపల పెంపకం క్యాసెట్ ఇస్తనన్నడంట. ఎతికితే అదొక్కటే కండ్లబడ్డది. ఇచ్చిన."

"అండ్ల చాపలెక్కడియే?"

"నువ్వే రాసినవ్ గద, వైట్ చాపల్ అని. వైట్ అంటె తెలుపే గద! తెల్ల చాపలు."

చీటీ కళ్ళముందు మెదిలింది. నా రాత చిన్నది. ప కు ఎత్వం పెట్టానో లేదో నాకే అనుమానం. మా పాలమూరులో చేపను చాప అనే అంటాం. తప్పు ఆమెది కాదు. ఆమె ఉన్నది ఉన్నట్టు చదివింది. తెలియని ఊరి పేరును గొప్పగా తెలుగులో రాసి, పక్కన హత్యల కేసు అని రెండు మాటలు రాయని వాణ్ణి నేను.

తెల్లారి మొదటి బస్సుకు వనపర్తి, అక్కణ్ణుంచి కొల్లాపూర్, అక్కణ్ణుంచి ఆటోలో సోమశిల పోయాను. సంఘం కార్యదర్శి మల్లయ్య ఏటి ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. క్యాసెట్ అనగానే నా మీదే లేచాడు.

"నువ్వేనా అన్న ఆ క్యాసెట్ చేసింది? మూడుసార్లు సూసినం! ఒక్క చాప గూడ రాలే. గుర్రాలొచ్చినయ్, దీపాలొచ్చినయ్, మంచొచ్చింది. ఒకామె ఏందో సదివి కండ్లు దుడ్సుకుంది. ఇంగ చాపలు ఎన్కకొస్తయేమో అని ఆఖరిదాంక గూసున్నం."

"క్యాసెట్ యాడుంది?"

"ఉంది. కొత్త పడవ పూజ దాని మీద ఎక్కిచ్చినం."

ఆఫీసులో వేసి చూపించాడు. పడవకు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, పిల్లల కేకలు. ఇరవై నాలుగు నిమిషాల పూజ. అది అయిపోగానే తెర వణికి, లండన్ తిరిగి వచ్చింది. చివరి రెండు నిమిషాలు. తీసినవాళ్ళ పేర్లు పైకి పోతున్నాయి. స్లో స్పీడులో ఎక్కించాను కదా, ఒక్క అక్షరం చదవరాలేదు. ఆగి ఆగి చూశాను. అలికిన తెల్ల గీతలు.

"పడవ మంచిగున్నది గద?" అన్నాడు మల్లయ్య, నా మొహం చూసి.

"మంచిగున్నది" అన్నాను. నిజంగానే మంచి పడవ.

నోట్‌బుక్కు చదివితే

టీచరమ్మకు చెప్పడానికి తిరుగుబస్సులో వనపర్తిలో దిగాను. స్కూలు గేటు దగ్గర చెప్పాను. ఆమె విని, అంది.

"పదకొండు నెలలు నన్ను తిప్పి, చాపలోళ్ళకిచ్చినవా అన్నా?"

"తప్పు నాదే. కని నిమిషం నిమిషం రాసిపెట్టిన. పుస్తకముంది."

"పుస్తకం సదివితె ఎవరింటరు?"

"ఇంటరు. లేకుంటె నన్ను తిట్టు."

"ఇప్పుడు గూడ తిడుతున్న" అంది. కానీ బుధవారం రమ్మంది.

వాళ్ళ ఊళ్ళో, చర్చి అరుగు మీద, గుంపులో పనిచేసిన ఆడవాళ్ళు ఆరుగురు కూర్చున్నారు. అందరిలో పెద్దది చెన్నమ్మ. నేను నోట్‌బుక్కు తెరిచి చదవడం మొదలుపెట్టాను. నాలుగో నిమిషం: ఒక దువ్వెన, ఒక రుమాలు, పగిలిన అద్దం ముక్క.

చెన్నమ్మ నవ్వింది. "ఏందయా, గద్వాల నుంచొచ్చి మాకు ఆడోళ్ళ సంచుల లెక్క సదువుతున్నవా?"

అందరూ నవ్వారు. నేను ఆ వరుసే మళ్ళీ చదివాను. ఇంకొకామె అంది, "రూతికి దువ్వెన యాడిదే? దినాం నాది గుంజుకుంటుండె. రెండు పండ్లు ఇరగ్గొట్టింది గూడ."

ఎవరూ నవ్వలేదు. ఏడేళ్ళలో రూతమ్మ గురించి ఆ ఊళ్ళో అంత సాఫీగా వచ్చిన మొదటి మాట అదేనని టీచరమ్మ తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం పెన్ను తీసి, "ఇంకేముండె?" అని అడిగింది. వక్కాకు సంచి. బిడ్డ ఫోటో. తాళంచెవి. తలనొప్పి మందు డబ్బా, అందులో మందు లేదు, సూదులు. పచ్చ గాజులు కుడిచేతికి నాలుగు, ఎడమకు మూడు. ఒకటి ఇటుక తగిలి పగిలింది, ఆ రోజు పొద్దున్నే.

"పొద్దున్నే అంటె ఎన్నిటికి?" అన్నాను.

"గడియారమెవలకుండె? పాలబండి వచ్చిన యాళ్ళకు."

అక్కడ నా పని మొదలైంది. వాళ్ళకు గంటలు తెలియవు, పనులు తెలుసు. కాంక్రీటు మిషన్ ఆపడం, తట్టలు కడగడం, నీళ్ళకు పోవడం. బిందె నింపి రావడానికి ఎంతసేపో వాళ్ళు చెప్తే, నేను గడియారంలోకి మార్చాను. ఆ మధ్యాహ్నానికి రూతమ్మ ఆఖరి రోజు సాయంత్రం ఐదుంబావు దాకా మా కాగితం మీదికి వచ్చింది. ఏడు ఇరవై ఐదుకు వాచ్‌మన్ చూశాడు. మధ్యలో నూట ముప్పై నిమిషాలు ఖాళీ.

ఆ కాగితం వకీలు దాఖలు చేశాడు. కొత్త సాక్ష్యం కాదని జవాబు వచ్చింది. టీచరమ్మ మళ్ళీ వేసింది. మళ్ళీ అదే జవాబు. ఒక అధికారి ఆమెతో, "పాత కేసమ్మా, ఎవరికి గావాలె" అన్నాడట. "లండన్ల నూట పదారేండ్లదే ఇడ్వలేదు సార్, నాది ఏడేండ్లదే" అని వచ్చింది.

మిగిలిన లెక్క

వరద రాకముందు మిగతా ఎనిమిదింటిని నిమిషాలుగా విడదీశాను. మొత్తం మూడు వందల తొంభై రెండు నిమిషాలు. అందులో చంపినవాడెవడై ఉంటాడని డాక్టర్లనూ దొరలనూ వరసబెట్టి అనుమానించింది రెండు వందల యాభై ఒకటి. పోలీసులు, సందులు, మంచు నూట పద్దెనిమిది. ఆ ఐదుగురూ బతికుండగా ఎలా ఉన్నారో చెప్పింది ఇరవై మూడు. సోమశిల పడవ కింద పోయిన ఒక్కదాంట్లోనే ఇరవై రెండు. ఎనిమిదింటి పని అదొక్కటీ చేసింది. దాన్నే నేను పోగొట్టాను. ఈ రోజుకూ దొరకలేదు, పేరు తెలియదు. ఆ ఇరవై ఆరు నిమిషాలు టీచరమ్మకు నేను బాకీ. నా బాకీ నేను ఒప్పుకుంటున్నాను.

ఇంకొకరు ఒప్పుకోవడం లేదు.

ప్రతి పీర్ల పండుగకూ ఆ అరుగు మీద కూర్చుంటున్నాం. క్యాసెట్ లేదు, నోట్‌బుక్కే. రెండో ఏడు ఒకామె తట్టలు కడగడం గుర్తు చేసుకుంది. ఖాళీ ఎనభై ఐదు నిమిషాలకు తగ్గింది. తర్వాత ఏడు, రూతమ్మతో కలిసి రెండు బిందెల నీళ్ళు తెచ్చానని చెన్నమ్మ చెప్పింది. బిందెకు ఇరవై చొప్పున నలభై. ఆరూ నలభై అయింది. "ఆడ్నుంచి?" అని టీచరమ్మ అడిగింది. చెన్నమ్మ మేస్త్రి ఇంటివైపు ఒకసారి చూసి, చీర కొంగు సర్దుకుంది.

"ఇంగ నాకు తెల్వదు బిడ్డా."

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే చూపు, అదే మాట. తెలియనివాళ్ళు అలా చూడరు. కానీ చూపును కాగితం మీద రాయలేను, అది నా పని కాదు. నిమిషాలు రాయడమే నా పని. విసుగుపడి మేము మానేస్తామని అనుకుంటున్న వాళ్ళు ఉంటే, ఇది చదువుకోండి. మేము మానడం లేదు. వచ్చే పండుగకూ నోట్‌బుక్కు తెచ్చుకుని అరుగు మీదే ఉంటాం. పేజీ అక్కడే తెరిచి ఉంది. ఆరూ నలభై నుంచి ఏడు ఇరవై ఐదు దాకా. రావాల్సింది నలభై ఐదు నిమిషాలు.